సైటుందని తెలిసీ

లిఫ్ట్ గుంత అడుగున ఇంజనీరు వెల్లకిలా పడి ఉన్నాడు.

తెల్ల హెల్మెట్ తల మీదే ఉంది. గడ్డం కింద బెల్టు బిగించే ఉంది. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇంకా పైకప్పు పడని బిల్డింగ్ కావడంతో, ఆ గుంతలోంచి పైకి చూస్తే చదరపు ముక్కంత ఆకాశం కనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ గుంత అంచున గొంతుక్కూర్చుని కాసేపు అతన్నే చూసింది. తర్వాత లేచి, చీపురు పడని సిమెంటు మెట్లెక్కి ఐదో అంతస్తుకి వెళ్ళింది. ఎస్సై రొప్పుతూ వెనకే ఎక్కాడు.

"జారిపడ్డాడు మేడమ్. కాంట్రాక్టర్ గారు కూడా అదే అంటున్నారు."

లిఫ్ట్ వాకిలికి అడ్డంగా కొట్టి ఉండాల్సిన మూడు చెక్కలు పక్క గోడకి ఆనించి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, బుద్ధిగా. పీకిన మేకులు ఒక మూల పోగేసి ఉన్నాయి.

"జారిపడేవాడు ముందు మేకులు పీకి, చెక్కలు గోడకి చేర్చి, ఆ తర్వాత జారిపడతాడా ఏమయ్యా?"

ఎస్సై ఆ మేకుల పోగు వైపు వంగాడు.

చెక్కల అంచుల మీద నల్లటి వేలిగుర్తులు. ఆమె వంగి వాసన చూసింది. గ్రీజు.

"లాబ్‌కి పంపు. వాచ్‌మన్‌ని పిలు."

వాచ్‌మన్ వచ్చాడు. శవాన్ని మొదట చూసింది అతనే. తెల్లారి నీళ్ళ మోటారు వెయ్యడానికి వెళితే కనబడిందట.

"నిన్న సాయంత్రం ఏమైనా విన్నావా?"

"విన్నానండి. పనివాళ్ళంతా దిగిపోయాక. డ్రమ్ము దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే గుంతలోంచి అరుపులు."

"ఎవరి గొంతు?"

"ఒకటి ఇంజనీరు గారిది. రెండోది పోల్చుకోలేకపోయానండి. బావిలో మాట్లాడినట్టు గుయ్యిమంటుంటే ఏం తెలుస్తుంది?"

"మాటలు?"

"రెండు ముక్కలు దొరికాయి. 'సైటుందని తెలిసీ దాచావు' అని ఒకటి. 'తమ్ముణ్ణి మట్టిలో కలిపేశావు' అని ఇంకోటి. ఆ తర్వాత ధబ్బుమని చప్పుడు. సిమెంటు బస్తా పడేశారనుకున్నా."

"వెళ్ళి చూడాలనిపించలేదా?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "ఆయన రోజూ ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉంటారు కదండీ. ఎన్నిసార్లని చూస్తాం?"

మధ్యాహ్నానికల్లా ఎస్సై కేసు తేల్చేశాడు. గేటు దగ్గర కెమెరాలో ఇంజనీరు సొంత తమ్ముడు కనిపించాడు. పనివాళ్ళు బయటికి వస్తుంటే అతను లోపలికి వెళ్ళాడు. వాచ్‌మన్ అరుపులు విన్న సమయానికి లోపలే ఉన్నాడు. అన్నదమ్ములకి ఒక ఇళ్ళస్థలం మీద గొడవ ఉంది. పైగా తమ్ముడు కార్ల మెకానిక్. చేతినిండా గ్రీజు.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది మేడమ్."

"ఒలిచి పెట్టింది తినాలంటే నాకు అనుమానమయ్యా. పద, మాట్లాడదాం."

మెకానిక్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు.

"నిన్న ఎందుకెళ్ళావు?"

"అన్నయ్యతో తేల్చుకోడానికి."

"దేని గురించి?"

"స్థలం గురించి. నాన్న పోగానే స్థలం తన ఒక్కడి పేరున రాయించుకున్నాడు. ఇన్నేళ్ళూ నాకు స్థలం అనేదే లేదనుకున్నా. దారిన పోయేవాడు చెబితే తెలిసింది."

"తేలిందా?"

"కిందికి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సిమెంటు బస్తాల మీద కూర్చుని చూసి చూసి వచ్చేశా."

"అరుపులు వినలేదా?"

"ముందు వైపున్నా. గుంత వెనక వైపు. రోడ్డు మీద లారీలు."

"చంపావా?"

"చంపాలని చాలాసార్లు అనుకున్నా మేడమ్. అబద్ధం ఎందుకు? స్థలం కోసం కాదు, నన్ను వెర్రిపప్పని చేసినందుకు. కానీ అనుకున్నవన్నీ చేస్తే ఈపాటికి మా అన్నయ్య పదిసార్లు చచ్చేవాడు."

"ఒక్క కన్నీటి చుక్క కూడా లేదేం?"

"కోపం ఇంకా అయిపోలేదు. అయ్యాక ఏడుస్తా."

బయటికొచ్చాక ఆమె వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"విన్నావా? అన్నిసార్లూ స్థలం అన్నాడు. ఒక్కసారి కూడా సైటు అనలేదు."

"రెండూ ఒకటేగా మేడమ్. ఆ ఇంగ్లీషు మాటకి అర్థం స్థలమే."

"అర్థం ఒకటే. కానీ కోపమొచ్చినవాడు నోటికి అలవాటైన మాటే అంటాడు. ఇంగ్లీషు వెతుక్కోడు."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కాంట్రాక్టర్. పరామర్శ గొంతు పెట్టి మొదలెట్టి, రెండో వాక్యానికే అసలు సంగతిలోకి వచ్చాడు.

"తమ్ముడే చేశాడని తేలిపోయింది కదా మేడమ్. మరి సైటు ఎప్పుడు అప్పగిస్తారు?"

"ఏ సైటు?"

"మా సైటేనండి. బిల్డింగ్. పని ఆగిపోయింది."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎస్సై నవ్వు ఆపుకుంటున్నాడు.

"నేను పొద్దుట్నుంచి ఇంజనీరు లాప్‌టాప్‌లో ఏదైనా వెబ్‌సైటు దాచాడేమోనని వెతికా మేడమ్. అదీ సైటే కదా. ఇంకోటి కూడా ఉంది, కాలేజీలో మేం కొట్టే సైటు."

"ఒక్క మాట, నాలుగు కాపురాలు," అంది ఇన్‌స్పెక్టర్. ఆమె మాత్రం నవ్వలేదు.

ఇంజనీరు ఇంట్లో ముందు గదిలో కాంట్రాక్టర్ సోఫా నిండా కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా. పక్కన అతను తెచ్చిన పళ్ళ బుట్ట. ఎదురు కుర్చీలో ఇంజనీరు భార్య ముడుచుకుని కూర్చుంది. దుఃఖంలో ఉందో నిద్రలో ఉందో తెలియని మొహం.

"మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టనమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "ఒక్కటే. మీ ఆయనకి సైటుందా?"

ఆ మనిషి ఎక్కడో ఉంది. అక్కడి నుంచే జవాబిచ్చింది.

"లేదండీ. కళ్ళజోడు కూడా లేదు. చీకట్లో సూదిలో దారం ఎక్కించేవారు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను ఆగింది.

"మరి ఎవరికైనా సైటుందని మీ ఆయన ఎప్పుడైనా అన్నారా?"

ఆమె కళ్ళెత్తింది. సోఫా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ దించేసింది.

"నాకేం తెలియదండీ."

కాంట్రాక్టర్ దగ్గాడు. "పాపం, ఆమెని వదిలెయ్యండి మేడమ్."

"వదిలేస్తా," అని ఇన్‌స్పెక్టర్ లేచింది.

జీపెక్కాక ఎస్సైని అడిగింది. "ఆ బిల్డింగ్ దగ్గర ఈ మధ్య ఎవరైనా చనిపోయారా?"

"ఒకడు పోయాడు మేడమ్, రెండు నెలలైంది. క్రేన్‌కి కింద నిలబడి చేతులతో సైగలు చేసే కుర్రాడు. ఇనుప చువ్వల కట్ట మీద పడింది. తప్పుడు సైగ చేశాడని, తప్పు వాడిదేనని తేల్చి మూసేశారు."

"తేల్చిందెవరు?"

"రిపోర్టిచ్చింది ఈ ఇంజనీరే."

"ఆ కుర్రాడికి ఎవరున్నారు?"

"పెళ్ళాం. ఒక అన్న. అదే బిల్డింగ్‌లో టవర్ క్రేన్ ఆపరేటర్. గద్ద అంటారు. అంత ఎత్తు నుంచి నేల మీద చీమని కూడా చూస్తాడని."

జీపు గద్ద ఇంటి వైపు తిరిగింది.

రెండు గదుల రేకుల ఇల్లు. సందు చివర. చనిపోయిన కుర్రాడి భార్య వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. పాతికేళ్ళుంటాయి. ఖాకీ డ్రెస్సు చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఇంజనీరు చనిపోయాడు, తెలుసా?"

"తెలుసు. పొద్దున్న వినగానే కడుపునిండా అన్నం తిన్నాను. మళ్ళీ వడ్డించుకుని తిన్నాను."

"అంత కోపమా?"

"మా ఆయన్ని మింగేసి, పైగా తప్పు ఆయనదేనని రాశాడు. తప్పుడు సైగ చేశాడట. పనిలో ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. చచ్చినవాడు తిరిగొచ్చి కాదనలేడు కదా అని ధైర్యం." ఆమె చొక్కాని రాయికేసి బాదింది. అది మగవాళ్ళ చొక్కా. "ఎవరు చంపారో తెలిస్తే చెప్పండి. కాళ్ళకి దణ్ణం పెడతాను."

"మీ బావగారు ఏమంటారు?"

"ఆయనేమంటారు? నోట్లో నాలుక లేని మనిషి. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి ఆయనే పెంచారు. ఆ తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ముద్ద మింగడం లేదు, నేను తిట్టి పెడితే తప్ప."

సందు మొదట్లో ఒక మనిషి కనిపించాడు. పొడుగు. కొద్దిగా వంగిన నడక. చేతిలో సంచి. వాకిట్లో ఖాకీ డ్రెస్సులో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ వైపే నడిచి వస్తున్నాడు.

"ఎవరు తల్లీ వచ్చింది? అద్దె కోసం ఇంటి ఓనరు గారా?" అన్నాడు దూరం నుంచే.

"కాదు బావగారూ. పోలీసులు."

అతని అడుగు తడబడింది. దగ్గరికొచ్చాక అప్పుడు చేతులు జోడించాడు. "నమస్కారం మేడమ్."

జోడించిన చేతుల గోళ్ళ చుట్టూ నల్లగా గ్రీజు. అందరు ఆపరేటర్ల చేతులూ అలాగే ఉంటాయి. ఆమె ఏమీ అడగలేదు. రేపు పొద్దున్న బిల్డింగ్ దగ్గరికి రమ్మని, మరదల్ని కూడా తీసుకురమ్మని చెప్పి వచ్చేసింది.

మర్నాడు పదింటికి అందరూ బిల్డింగ్ ముందు ఆవరణలో చేరారు. కాంట్రాక్టర్ తన కారుకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంజనీరు భార్య కుర్చీలో. మెకానిక్ పక్కన కానిస్టేబుల్. వాచ్‌మన్. చనిపోయిన కుర్రాడి భార్య ఇసుక పోగు పక్కన ఒంటరిగా. నెత్తి మీద టవర్ క్రేన్ చెయ్యి చాపుకుని కదలకుండా ఉంది.

గద్దని ఆవరణ అటు చివర, వెనక గోడ దగ్గర ఉండమన్నారు. ఎస్సై కేకేశాడు. "రావయ్యా."

అతను నడుచుకుంటూ వస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించింది.

వాచ్‌మన్ అప్రయత్నంగా తన అడుగు ఆపుకున్నాడు. గద్ద ఆగలేదు. నడుస్తూనే ఉన్నాడు. ఆమె పిడికిలి దించలేదు. అతను ఇంకా దగ్గరికొచ్చాడు. ఇంకా. మనిషి మీదికి వస్తాడేమో అన్నంత దగ్గరికి వచ్చి, ఆ పిడికిలి చూసి, ఉన్నచోటే బిగుసుకుపోయాడు.

ఆమె పిడికిలి దించింది.

"పిడికిలంటే ఇక్కడ ఏమిటి అర్థం?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఆగమని," అన్నాడు వాచ్‌మన్. "వాకీటాకీలు పాడయ్యాయండి. అన్నీ సైగలే."

"ఈయన ఆగలేదు. పొగరుతో కాదు, కనిపించక. నిన్న సందులో ఖాకీ డ్రెస్సులో ఉన్న నన్ను చూసి ఇంటి ఓనరనుకున్నాడు. గద్దకి సైటుంది."

కాంట్రాక్టర్ కారు మీంచి వీపు లేపాడు.

"వాచ్‌మన్ విన్న మాట ఒకటే. మనమే దాన్ని భూమి మీద వెతికాం. సైటు స్థలమూ అవుతుంది, పని జరిగే చోటూ అవుతుంది. కానీ 'నాకు సైటుంది' అని మన ఇళ్ళల్లో ఎవరైనా అంటే? కళ్ళు. రెండో ముక్క విని అందరం ఇంకా తప్పు దారి పట్టాం. 'తమ్ముణ్ణి మట్టిలో కలిపేశావు.' అరిచింది ఈ మెకానికే అయితే, 'నన్ను మట్టిలో కలిపేశావు అన్నయ్యా' అనాలి. తనని తానే తమ్ముడనుకుంటూ ఎవడైనా అరుస్తాడా? ఆ అరిచింది తమ్ముడు కాదు. ఒక అన్న."

ఎస్సై కాగితం అందించాడు. "లాబ్ చెప్పింది మేడమ్. చెక్కల మీదది కార్లకి వాడే గ్రీజు కాదు. క్రేన్ ఇనుప తాడుకి పూసేది."

"క్రేన్ ఎక్కేవాడికి ఐదో అంతస్తులో లిఫ్ట్ చెక్కలతో పనేమిటి?"

గద్ద చేతులు కిందికి జారాయి. దాచాలన్న ఆలోచన అతని మొహంలో ఎక్కడా లేదు.

"నేనే," అన్నాడు.

మరదలు ఇసుక పోగు దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చింది. ఆమె కళ్ళల్లో మెరుపు. గర్వం లాంటిది.

"దూరం ఆనడం లేదని నేనే వెళ్ళి చెప్పుకున్నా మేడమ్," అన్నాడతను. "కళ్ళజోడు పెట్టుకుంటే పైన చెమటకి మసకేస్తోంది, నన్ను దించెయ్యండి సార్ అన్నా. స్లాబ్ అయ్యేదాకా నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నా. ఆ రోజు తమ్ముడు చెయ్యెత్తాడు. చెయ్యి కనిపించింది. పిడికిలో, అరచెయ్యో తెలియలేదు. చువ్వల కట్ట దించమన్నాడనుకున్నా."

అతను ఆగాడు.

"దించాను."

మరదలి మొహంలో మెరుపు ఆరిపోయింది.

"తప్పు తమ్ముడిదని రాశాడు. నన్నూ అవుననమన్నాడు. భయపడి అవునన్నా. మొన్న పైకి పిలిచి అడిగా. తమ్ముడి పేరు మీద ఆ మచ్చ తుడిచెయ్యండి, నా కళ్ళదే తప్పని రాయండి, జైలుకి పోతా అన్నా. వల్ల కాదన్నాడు. కాదంటాడని నాకు ముందే తెలుసు. చెక్కలు ముందే తీసిపెట్టా. ఆ పీడ విరగడైంది. నాకిక పగ లేదు."

"ఉండాల్సింది," అన్నది ఒక గొంతు.

ఇంజనీరు భార్య కుర్చీలోంచి లేచింది. నిన్నటి మనిషి కాదు.

"మా ఆయన దాచలేదు. నువ్వు చెప్పిన రోజే ఇంటికొచ్చి ఫోన్ చేశారు. అన్నం కంచం ముందు కూర్చుని, స్పీకర్‌లో పెట్టి. నేను వడ్డిస్తున్నా. 'ఆపరేటర్‌కి సైటుంది, దించేద్దాం, ఎవరైనా చస్తారు' అన్నారు. అవతలి మనిషి నవ్వాడు. 'ఈ వయసులో సైటు లేనిదెవరికయ్యా? స్లాబ్ పడేదాకా నోరెత్తావంటే నువ్వే దిగిపోతావు' అన్నాడు." ఆమె వేలెత్తి చూపించింది. "ఆ నవ్విన మనిషి నిన్న మా ఇంట్లో కూర్చుని పళ్ళు పెట్టి వెళ్ళాడు."

కాంట్రాక్టర్ కారు తలుపు తెరవబోయాడు. కానిస్టేబుల్ అంతకుముందే దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్లాడు పోయాక మా ఆయన పిరికివాడయ్యారు. అది నిజం. ఆ మనిషి చెప్పింది రాసిచ్చారు. దానికి ఆయన్ని తిట్టు. కానీ తెలిసీ దాచినవాడు ఆయన కాదు."

గద్ద ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత కారు వైపు చూశాడు. అక్కడున్న కాంట్రాక్టర్ తెల్లచొక్కా అతనికి ఎంత కనిపించిందో దేవుడికే తెలియాలి. అలాగే నేల మీద కూలబడ్డాడు.

మెకానిక్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

ఎస్సై బేడీలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ కొంచెం ఆగమన్నట్టు చూసింది. మరదలు నడుచుకుంటూ వచ్చి గద్ద ముందు నిలబడింది.

"ఏమైనా అను తల్లీ," అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"నేను కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు."

ఇంకొన్ని అడుగులు. "ఇప్పుడు?"

"ఆఁ."

ఇసుక పోగు దాకా వెళ్ళింది. "మొహం?"

అతను కళ్ళు చికిలించాడు. "మనిషి ఉన్నట్టు తెలుస్తోంది తల్లీ. మొహం లేదు."

ఆమె పైకి చూసింది. క్రేన్ మీద, ఆకాశానికి ఆనుకుని ఉన్న ఆ చిన్న అద్దాల గదిని చూసింది. అక్కణ్ణించి నేల దాకా కళ్ళతోనే దిగింది. నెమ్మదిగా, తన భర్త నిలబడ్డ చోటు దాకా.

తర్వాత ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది.

"సాక్ష్యం మీకే చెప్పాలా?"

"నాకే."

"ఇద్దరి మీదా చెప్తాను. ఆ కారాయన మీద, ఈయన మీద. ఎవర్నీ వదలకండి."

"వీళ్ళ గురించి నీకు కొత్తగా తెలిసిందేముందమ్మా? అన్నీ ఇప్పుడేగా విన్నావు."

"నా సంగతి ఒకటుంది. అదీ రాసుకోవాలి."

ఇన్‌స్పెక్టర్ సిమెంటు బస్తా మీద కూర్చుంది. పెన్ను తీసింది.

"చెప్పు. ఎక్కడి నుంచి మొదలెట్టను?"

ఆమె బావగారి వైపు తిరగలేదు.

"రోజూ అన్నం పెడుతూ, 'తమ్ముణ్ణి మింగినవాణ్ణి ఊరికే వదిలేస్తారా' అని ఈయన్ని అనేదాన్ని. అక్కణ్ణించి."